మూడు లాంతర్లకు నాలుగు చక్రాలు

స్కేట్‌బోర్డు, అంటే నిలబడి దూసుకుపోయే నాలుగు చక్రాల చెక్క, మా విజయనగరానికి రాకముందే దాని స్టిక్కర్లు వచ్చాయి. బోర్డు రావడానికి ఆ తర్వాత చాలాకాలం పట్టింది. ఈలోగా మాకు ఆ ఆటంటే ఆ స్టిక్కర్లే. వాటిని చూసే ఆట ఎలా ఉంటుందో ఊహించుకున్నాం, వాటిని చూసే ఆ ఆడేవాళ్ల మీద ఇష్టం పెంచుకున్నాం.

తెచ్చింది మా పెద్దనాన్నగారి అబ్బాయి. వాళ్లు కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉండేవారు. 2000లో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడాలని, అక్కడ సెలవులు లేకపోయినా పిల్లల చేత బడి మానిపించి మరీ వచ్చారు. పెద్దమ్మ పెట్టె తెరిచి ఇంటిల్లిపాదికీ ఏవేవో పంచింది. అవేవీ ఇప్పుడు నాకు గుర్తు లేవు. అన్నయ్య తన పుస్తకాల సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టిన పసుపు కవరు మాత్రం గుర్తుంది.

కవరు బోర్లిస్తే మొదట బయటపడింది ఒక నీలం రంగు చెయ్యి. మణికట్టు దగ్గర తెగిన చెయ్యి. వేళ్లు బిగుసుకుని విచ్చుకుని ఉన్నాయి. అరచేతి మధ్యలో పళ్లూ నాలుకా కనిపించేలా తెరుచుకున్న నోరు. అరుస్తోందని చూడగానే తెలుస్తుంది. భయంతో అరుస్తోందా, కోపంతోనా, సంతోషంతోనా అని నేనూ మా తమ్ముడూ ఆ రాత్రి చాలాసేపు వాదించుకున్నాం. జిమ్ ఫిలిప్స్ అనే చిత్రకారుడు 1985లో శాంటా క్రూజ్ కంపెనీ వారి చక్రాల కోసం గీసిన బొమ్మ అది. దాని పేరు స్క్రీమింగ్ హ్యాండ్. స్కేట్‌బోర్డు లోకంలో అంతకంటే ఎక్కువమందికి తెలిసిన బొమ్మ ఉందని నేను అనుకోను.

దాని వెనకే మిగతావి వచ్చాయి. కాగితాన్ని చీల్చుకుని బయటికి తొంగిచూసే అస్థిపంజరం ఒకటి. అది పావెల్ పెరాల్టా కంపెనీది, వెర్నన్ కోర్ట్‌లండ్ జాన్సన్ గీసినది. వలయంలో ఇమిడిన శిలువ ఒకటి, ఇరుసులు తయారుచేసే ఇండిపెండెంట్ కంపెనీది. పళ్లికిలించి నవ్వే మంట ఒకటి, స్పిట్‌ఫైర్ చక్రాల వాళ్లది. మంటలు రేగుతున్న అక్షరాలతో థ్రాషర్ పత్రిక పేరు. ఆ పత్రిక 1981లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. ఈ పేర్లూ సంవత్సరాలూ అన్నీ తర్వాత తెలిశాయి. ఆ రాత్రికి తెలిసింది ఒక్కటే, ఇవి గీసినవాళ్లు ఎవరి అనుమతీ అడగకుండా గీశారని.

“ఇన్ని ఎందుకు కొన్నావు అన్నయ్యా?” అని అడిగాను.

“ఇవి కొన్నవి కాదు. షాపులో బోర్డు కొంటే గుప్పెడు స్టిక్కర్లు ఊరికే చేతిలో పెడతారు. మనం స్నేహితులకు పంచుతాం. అంటించు, దాచుకోకు” అన్నాడు.

దాచుకోకుండా ఉండటం మాకు కష్టమే. బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ కార్డులను కూడా అట్టపెట్టెల్లో భద్రపరిచిన పిల్లలం మేము. మొదటి స్టిక్కరు అంటించే ధైర్యం చేసింది మా నాన్నమ్మ. ఆ నీలం చేతిని వెలుగులోకి పట్టుకుని తేరిపార చూసి, “దిష్టిబొమ్మ చాలా బాగుంది నాన్నా. వీధి తలుపుకి అంటించు” అంది. ఎదురు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అలా శాంటా క్రూజ్ చెయ్యి మా ఇంటి వీధి తలుపు మీద, మామిడాకుల తోరణం కింద, గుమ్మడికాయ పక్కన కొలువుదీరింది. పోస్టుమాన్ మొదలుకొని పాలు పోసే ఆమె వరకు అందరూ ఆగి చూసేవారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. చెడు చూపును అరిచి తరిమే చెయ్యి అని వాళ్లంతట వాళ్లే అనుకున్నారు.

నిజానికి స్టిక్కరు మా ఊరికి కొత్త కాదు. ఆటో వెనక చూస్తే నడిపే అతను ఏ హీరో అభిమానో, ఏ దేవుడి భక్తుడో, పిల్లల పేర్లేమిటో తెలిసిపోయేది. నంబరు ప్లేట్లు రాసే కొట్లలో రేడియం షీటును బ్లేడుతో కోసి అక్షరాలు తీసేవారు. ఎన్నికలు వస్తే ఇంటి తలుపులు, కరెంటు స్తంభాలు పార్టీ గుర్తులతో నిండిపోయేవి. అయితే ఈ స్టిక్కర్లన్నీ మనం ఎవరిని కొలుస్తామో చెప్పేవి. అన్నయ్య తెచ్చినవి మనం ఏం చేస్తామో చెప్పేవి. ఆ తేడా నన్ను బాగా పట్టుకుంది. అవి అంటించుకోవాలంటే అభిమానం ఒక్కటే చాలదు, బోర్డు ఎక్కాలి, పడాలి, మోకాలు దోక్కుపోవాలి.

మా దగ్గర బోర్డు లేదు. ఉన్నదల్లా కేబుల్ టీవీ. అమెరికా స్కేట్‌బోర్డు ఆటగాడు టోనీ హాక్ 1999 జూన్ 27న గాలిలో రెండున్నర చుట్లు తిరిగి నిలబడిన ఆ దృశ్యాన్ని క్రీడల ఛానల్లో మళ్లీ మళ్లీ చూపించేవారు. కంప్యూటర్ సెంటర్లో అతని పేరుతో ఉన్న ఆటకు గంట లెక్కన డబ్బులు కట్టేవాళ్లం. ఆ ఆటలో బోర్డు కిందిభాగం కనిపించినప్పుడల్లా, మా కవరులోని బొమ్మలేవైనా ఉన్నాయేమోనని తెరకు ముక్కు ఆనించి వెతికేవాళ్లం.

అప్పుడే అన్నయ్య ఉత్తరంలో ఒక సంగతి రాశాడు. 1980లలో అక్కడి పిల్లలు సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరును కంపెనీలకు పంపేవారట. ఆ కవరులోనే స్టిక్కర్లు పెట్టి తిరిగి పంపేవారట. షాపులు లేని చిన్న ఊళ్ల పిల్లలకు ఆ స్టిక్కర్లే ఆధారమట. చిన్న ఊరు అనగానే మాకు ఉత్సాహం వచ్చింది. కానీ మన తపాలా బిళ్ల అక్కడ చెల్లదు కదా. పెద్ద పోస్టాఫీసులో వాకబు చేస్తే ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ అనేది ఒకటి ఉంటుందని తెలిసింది. దాన్ని ఉత్తరంతో జతచేస్తే అవతలి దేశంలో తపాలా బిళ్లకు మార్చుకోవచ్చు. కౌంటరులో ఉన్నాయన ఆ పేరు విని లోపలికి వెళ్లి, ఒక పెద్దాయనను వెంటబెట్టుకుని వచ్చారు. “విదేశాల్లో పైచదువుకా బాబూ?” అని ఆ పెద్దాయన ఆప్యాయంగా అడిగారు. స్టిక్కర్ల కోసమని చెప్పాను. ఆయన నవ్వలేదు. కూపన్ మీద ముద్ర ఎక్కడ స్పష్టంగా పడాలో చూపించి, ముద్ర తానే వేశారు. “జవాబు వస్తే నాకు చూపించు” అన్నారు.

వచ్చింది. వర్షాకాలంలో, అంచులు నాని ఉబ్బిన కవరు. లోపల స్టిక్కర్లు, చేత్తో రాసిన రెండు ముక్కలు. భారతదేశం నుంచి ఉత్తరం రావడం సంతోషంగా ఉందని. పోస్టాఫీసు పెద్దాయనకు ఒకటి ఇస్తే, తన సొరుగు లోపలివైపు అంటించుకున్నారు. వీధివైపు పెడితే ఉద్యోగానికి బాగుండదని చెప్పారు. ఆ సొరుగులోని స్టిక్కరు నాకు మా కవరులోని అన్నింటికన్నా గొప్పగా అనిపించింది.

బోర్డు ఆ మరుసటి వేసవిలో వచ్చింది. అన్నయ్య వాడిన పాత బోర్డు. తెలిసినవాళ్లెవరో ఇండియా వస్తుంటే వాళ్ల పెట్టెలో తువ్వాలు చుట్టి పంపాడు. ఏడు పొరల మేపుల్ చెక్క. పైన కాలు జారకుండా గరుకు కాగితం. నేను ముందుగా బోర్డు తిరగేసి చూశాను. అక్కడ కూడా ఆ నీలం చెయ్యి ఉంది. బొటనవేలు, చిటికెనవేలు ఉన్నాయి. మధ్యవేళ్లు, సగం నోరు లేవు. అక్కడ రంగంతా గీరుకుపోయి తెల్లని చెక్క బయటపడింది.

బోర్డు కిందిభాగాన్ని చదవడం అలా నేర్చుకున్నాను. ఇనుప కడ్డీ మీద బోర్డును అడ్డంగా వేసి జారితే రెండు ఇరుసుల మధ్యనున్న స్టిక్కర్లు అరిగిపోతాయి. అరుగు అంచున బోర్డు కొసను ఆనించి జారితే కొసనున్నవి పోతాయి. ఇరుసులను ఆనుకుని ఉన్నవి చివరిదాకా బతుకుతాయి. ఎవరు ఎలా ఆడతారో, ఏ పక్కకు ధైర్యం ఎక్కువో, ఈమధ్య ఏం సాధన చేస్తున్నారో అంతా ఆ గీతల్లో ఉంటుంది. అన్నయ్య కడ్డీల మీదే ఎక్కువగా ఆడేవాడని ఆ తెల్ల చెక్క చెప్పింది. ఫోనులో అడిగితే ఆశ్చర్యపోయాడు. ఆనాటి స్టిక్కర్లను ఇప్పుడు గాజు చట్రాల్లో పెట్టి పెద్ద ధరలకు అమ్ముతున్నారు. వాటి మీద నాకు గౌరవమే. కానీ నా మనసు మాత్రం ఆ సగం చేతి దగ్గరే ఉంటుంది.

ఆడటానికి చోటు నెల్లిమర్ల రోడ్డులో దొరికింది. మా స్నేహితుడి వాళ్ల రైసుమిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు. ఏళ్ల తరబడి ధాన్యం కాళ్లతో తిరగేయడం వల్ల నున్నగా తేలిన గచ్చు. కోతల కాలంలో అది ధాన్యానిది, వేసవిలో మాది. 1970ల మధ్యలో కాలిఫోర్నియాలో కరవు వచ్చి ఇళ్లలోని ఈతకొలనులు ఎండిపోతే, డాగ్‌టౌన్ అనే పేట కుర్రాళ్లు ఆ ఖాళీ కొలనుల్లోకి దిగి ఈ ఆటకు కొత్త రూపం ఇచ్చారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మిల్లు గచ్చే కళ్ల ముందు మెదిలింది. వేరే పనికి కట్టిన చోటు ఖాళీగా కనిపిస్తే స్కేట్‌బోర్డు పిల్లలు ఎక్కడైనా ఊరుకోలేరు.

చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాలిలోకి లేవడాన్ని ఓలీ అంటారు. 1970ల చివర ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ వాలు గోడల మీద దాన్ని కనిపెడితే, రాడ్నీ ముల్లెన్ చదునైన నేల మీదకు తెచ్చాడు. వెనక కొసను పాదంతో నేలకు కొట్టి, అది లేచే క్షణంలో ముందు పాదాన్ని పైకి జరపాలి. మా జట్టులో దాన్ని మొదట సాధించింది మిల్లు వాళ్ల అమ్మాయి. చుడీదారు చున్నీని నడుముకు బిగించి కట్టి, రోజూ మాకంటే ముందొచ్చి ఒక్కతే సాధన చేసేది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 13 ఏళ్ల జపాన్ అమ్మాయి మోమిజీ నిషియా, మెట్లూ కడ్డీలూ ఉండే మహిళల స్ట్రీట్ స్కేట్‌బోర్డు పోటీలో స్వర్ణం గెలిచిన రోజున ఆమె బెంగళూరు నుంచి నాకు ఫోను చేసింది. కాసేపు ఇద్దరికీ మాట రాలేదు.

మా సొంత స్టిక్కరు ఆలోచన కూడా ఆమెదే. “వాళ్లవి మనం అంటించుకుంటున్నాం. మనవి వాళ్లు ఎప్పుడు అంటించుకుంటారు?” అంది.

కోట దగ్గర చిన్న స్క్రీన్ ప్రింటింగ్ ప్రెస్సు నడిపే ఆయనను మేమందరం మామయ్య అనే పిలిచేవాళ్లం. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ఎన్నికలప్పుడు పార్టీ స్టిక్కర్లు ఆయన పని. స్క్రీమింగ్ హ్యాండ్‌ను భూతద్దం కింద పెట్టి చూసి ముందు రంగులు లెక్కపెట్టారు, తర్వాత గీతను మెచ్చుకున్నారు. “ఎక్కడ లావుండాలో అక్కడ లావు, ఎక్కడ సన్నపడాలో అక్కడ సన్నం. చెయ్యి తిరిగినవాడి గీత ఇది” అన్నారు. ఆయన నోట అంత పొగడ్త మేమెప్పుడూ వినలేదు.

బొమ్మ విషయంలో పెద్దగా చర్చ జరగలేదు. మా ఊరంటే మూడు లాంతర్లు. రాజుల కాలం నాటి ఆ దీపస్తంభం కింద ఒక బోర్డు పెట్టి, నాలుగు చక్రాలూ కనిపించేలా కొంచెం వాలుగా గీశాం. మామయ్య దాన్ని ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో మళ్లీ తానే దిద్దారు. చెక్క చట్రానికి నైలాన్ గుడ్డ బిగించి, దాని మీద మందు పూత పూసి, చీకటి గదిలో ఫ్యాను కింద ఆరబెట్టారు. ఆరాక దాని మీద మా బొమ్మను పరిచి వెలుతురు చూపించారు. వెలుతురు తగిలిన చోట పూత గట్టిపడుతుంది. నల్ల గీత అడ్డుకున్న చోట మెత్తగానే ఉండి నీళ్లు పోయగానే కరిగిపోతుంది. ఆయన నెమ్మదిగా నీళ్లు పోస్తుంటే గుడ్డలో ముందు లాంతర్లు తేలాయి, తర్వాత స్తంభం, చివరికి చక్రాలు. మేము ఊపిరి బిగబట్టి చూశాం. చట్రం కింద వినైల్ షీటు పెట్టి, పైన రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క ఊపున లాగారు. చట్రం ఎత్తగానే ఎర్ర లాంతర్లు! నలుపు కోసం ఇంకో చట్రం. రెండో రంగు వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకుండా మూలల్లో గుర్తులు పెట్టుకున్నారు. మూడో రంగుకు మా దగ్గర డబ్బుల్లేవు. షీట్లను ప్రెస్సులో తాడు మీద పెళ్లి కార్డుల పక్కన క్లిప్పులతో వేలాడదీశాం. ఆ రంగు వాసన చాలా రోజులపాటు మా బట్టల్ని వదల్లేదు.

అమ్మకూడదని మొదటే అనుకున్నాం. ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చాం. సైకిళ్ల మడ్‌గార్డులకు, టిఫిన్ క్యారేజీలకు, లెక్కల పుస్తకాల అట్టలకు మూడు లాంతర్లు ఎక్కాయి. బోర్డు కింద మొదటిది అంటించే పని మాత్రం ఓలీ కొట్టిన అమ్మాయికే ఇచ్చాం. నీలం చేతికి వేళ్లు పోయిన చోట, ఆ తెల్లని చెక్క మీద అంటించింది. కొన్నింటిని శాన్ హోసే పంపాం. తాను బోర్డులు కొనే షాపు గల్లాపెట్టె పక్కన అంటించి అన్నయ్య ఫోటో పంపాడు. అది ఏ ఊరి దీపమని అక్కడి పిల్లలు అడుగుతున్నారట!

రెండో స్టిక్కరుకు దారి చూపింది ఒక అమెరికా విద్యార్థి కథ. 1989లో రోడ్ ఐలండ్‌లో డిజైన్ చదువుతూ స్కేట్‌బోర్డు షాపులో పనిచేసే షెపర్డ్ ఫెయిరీ, పత్రికలో పడిన ఆండ్రే ద జెయింట్ అనే కుస్తీ వీరుడి ముఖంతో ఒక స్టిక్కరు చేశాడు. దానితో అమ్మేదేమీ లేదు, ప్రచారం చేసేదీ లేదు. స్కేట్‌బోర్డు పిల్లలు చేతులు మార్చుకుంటూ దాన్ని ఊరూరా అంటించారు. 2008లో ఒబామా ముఖం కింద ‘హోప్’ అని ఉన్న ప్రసిద్ధమైన పోస్టరు గీసింది కూడా అతనే. ఈ కథ చెబితే మామయ్య పని ఆపి విన్నారు. “వాళ్లకు కుస్తీ వీరుడుంటే మనకు లేడా? కోడి రామ్మూర్తిని వేయండి” అన్నారు.

ఆ మాటకు ఒళ్లు పులకరించింది. వీరఘట్టంలో పుట్టి మా విజయనగరంలో పెరిగిన మనిషి. గుండెకు ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి పీల్చి తెంపిన మనిషి. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. కలియుగ భీముడని జనం పిలుచుకున్న ఆ మహాబలుడి మీసాలను నలుపు ఒక్క రంగుతోనే వేశాం. తెగుతున్న గొలుసు లంకెలు స్టిక్కరు అంచు దాటి బయటికి ఎగిరినట్టు మామయ్య బ్లేడుతో ఒక్కొక్కటీ చేత్తో కోశారు. మేము చేసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. రైసుమిల్లు హమాలీలు అడిగి మరీ తీసుకున్నారు. బస్తాలు మోసే తోపుడు బండికి ఎదురుగా కనిపించేలా అంటించుకున్నారు. స్కేట్‌బోర్డు గురించి వాళ్లకు తెలియకపోయినా, చక్రాలున్న బండికి బలవంతుడి బొమ్మ ఉండాలని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చదువులు, ఉద్యోగాలు ఎవరి దారిన వాళ్లను తీసుకుపోయాయి. గచ్చు మీద గోదాము లేచింది. 2020లో ఆ పాత మూడు లాంతర్ల కట్టడాన్ని తొలగించారన్న వార్త వచ్చిన రోజు, ఏళ్లుగా పలకరింపుల్లేని మా పాత జట్టు ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఒకరు ఇనప్పెట్టె మూత లోపలి నుంచి, ఒకరు అమ్మగారి కుట్టుమిషను బల్ల నుంచి, ఇంకొకరు ఆస్ట్రేలియాలో తన గిటారు పెట్టె నుంచి ఫోటోలు తీసి పంపారు. అన్నింటిలోనూ మామయ్య దిద్దిన అవే లాంతర్లు. కొన్నింటిలో ఎరుపు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. నలుపు మాత్రం చెక్కుచెదరలేదు.

మామయ్య ఇప్పుడు కళ్లు సరిగా కనిపించక ప్రెస్సుకు రావడం లేదు. కొడుకు చూసుకుంటున్నాడు. కంప్యూటర్‌లో బొమ్మ ఇస్తే యంత్రమే అచ్చువేసి అంచు కోసి ఇస్తుంది. రంగులు ఎన్నైనా పెట్టుకోవచ్చు. అయినా మూడో స్టిక్కరును పాత చట్రాలతోనే వేయాలని పట్టుబట్టాను, ఆ అబ్బాయి కూడా సరేనన్నాడు. ఈసారి గంటస్తంభం. ఎనిమిది పలకల స్తంభం, కింద అరిగిన బోర్డు. ఒకప్పటి ఓలీ అమ్మాయే గీస్తోంది. వాళ్ల పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు, బెంగళూరులో రోజూ బోర్డు ఎక్కుతోంది. గడియారం ముళ్లు ఎన్ని గంటల దగ్గర పెట్టాలన్నది ఇంకా తేలలేదు. నేను సాయంత్రం అయిదంటున్నాను. ఆ పాప మాత్రం పొద్దున్న ఆరు పెట్టమంటోంది, ఆ వేళకు రోడ్డు మీద బండ్లు ఉండవట.